మెట్ల కింద పరాయి సామాను

మా ఇంట్లో మెట్ల కింద ఒక కొట్టుగది ఉంది. వెనక్కి పోయేకొద్దీ నడుం వంచాలి. దాన్నిండా సామానే. అందులో మాది పాత గ్రైండరు ఒక్కటే, మిగతాదంతా పైఊళ్ళవాళ్ళది.

ఆత్మకూరు బస్టాండు పక్కన మా ఆయన మల్లికార్జునం కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. సీతారామపురం, ఉదయగిరి వైపు నుంచి చెన్నైకి పనులకు పోయేవాళ్ళు ఇక్కడ బస్సు మారతారు. మూట బరువనిపిస్తే, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటామని మా ఇంట్లో పెట్టి పోతారు. నేను ఎవరినీ కాదనలేదు. నోరు లేక కాదు, నా నోటి సంగతి బజారంతా ఎరుగును. రాఘవమ్మ దగ్గర పెడితే పోదని నలుగురూ అనుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వంతోనే గది నిండిపోయింది.

ఈ వేసవిలో నా కోడలు అనుపమ ఆ గది అడిగింది. ఆ పిల్ల జాకెట్లు కుడితే వంక పెట్టేవాళ్ళుండరు. మిషను మాత్రం హాల్లో, టీవీ పక్కన. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన మిషను మూసి పక్కకు జరపమంటాడు. అలా జరుపుతుంటే ఒకరోజు పెళ్ళికూతురి జాకెట్టు మీద కాఫీ ఒలికింది. అనుపమ ఏడవలేదు, గొంతు పెంచలేదు. గది ఇవ్వలేకపోతే బస్టాండు ఎదురుగా అద్దెకు చూసుకుంటానంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత ఇల్లు పెట్టుకుని కోడల్ని అద్దె గదికి పంపితే ఊళ్ళో నా పరువేం కాను? అదొక్కటే కాదులెండి. మధ్యాహ్నం పూట ఆ పిల్ల ఇంట్లో లేకపోతే నాకు తోచదు. ఆ మాట దాని మొహాన ఎలా చెబుతాను?

గది నీదేనని మాటిచ్చి, కొంగు బిగించి దిగాను. అనుపమ ఒక్కో వస్తువూ వాకిట్లో పెట్టడం, నేను ఎవరిదో గుర్తు తెచ్చుకోవడం, ఫోను చేసి తిట్టడం. అనంతసాగరం నుంచి ఒకాయన ఆటో వేసుకొచ్చి రోలు తీసుకుపోయాడు. ఊయల ఎవరిదో వాళ్ళకు ఫోను చేస్తే, ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోందని పడీపడీ నవ్వారు. అది మా వీధిలో బాలింతకు ఇచ్చాను. పాడైపోయిన రేడియోని పాత ఇనుము వాడు కూడా వద్దన్నాడు. గది ఖాళీ అవుతుంటే నాకు ఒకపక్క దిగులు, ఒకపక్క హాయి.

చివరికి దేవకమ్మ పెట్టె మిగిలింది. దేవకమ్మది సీతారామపురం, చెన్నైలో అపార్టుమెంట్లు ఊడుస్తుంది. ఆమె ఇనప పెట్టె ఒక మంచం అంత చోటు తింటోంది. అది ఉంటే కత్తిరింపు బల్ల పట్టదు, బల్ల లేకపోతే ఆ గది అనుపమకు పనికిరాదు. వచ్చి తీసుకుపొమ్మని ఫోను చేశాను. ఆదివారం వచ్చింది.

కాఫీ తాగి, నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. లోపల సగం కూడా లేదు. ఒక ఇత్తడి బిందె, రెండు చీరలు, ఉదయగిరి చెక్క గరిటెలు, ఒక తలుపు గొళ్ళెం. అన్నీ కొంగుతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టి, ఇంకొన్నాళ్ళు ఉండనిమ్మంది.

నా కోపం నషాళానికి ఎక్కింది. ఈ నాలుగు గిన్నెల కోసం ఇంత చోటు ఆక్రమిస్తావా, సంచిలో వేసుకుపోరాదా అని కడిగేశాను. ఆమె తల దించుకుని అంతా విన్నది.

"తీసకపోవచ్చు అక్కా. ఊళ్ళో ఇల్లు అమ్మేసినాం. ఆ గొళ్ళెం మా తలుపుదే. చెన్నైలో ఉండేది అద్దె గది, ఎప్పుడు పొమ్మంటారో తెలీదు. నా సామాను ఈడ ఉండాదనుకుంటే, ఎప్పుడన్నా తిరిగి రావచ్చులే అనిపిస్తాది."

అంతసేపు అరిచినందుకు సిగ్గేసింది. కానీ కోడలికి గది ఇస్తానని మాటిచ్చానే, ఇప్పుడు ఎవరిని కాదనేది? అనుపమ వైపు చూడటానికే భయమేసింది.

అనుపమ మెడలో టేపు తీసి పెట్టె పొడుగు కొలిచింది. ఎత్తు కొలిచింది. పక్కన నిలబడి, మూత మీద కత్తెర ఆడించినట్టు చెయ్యి జరిపి చూసుకుంది.

"ఉండనీ పిన్నమ్మా. కింద నాలుగు ఇటికలు పెట్టి, పైన ప్లైవుడ్డు వేస్తే ఇదే నాకు బల్ల. వేరే బల్ల ఎందుకు?"

దేవకమ్మ మళ్ళీ పెట్టె తెరిచింది. బిందె, చీరలు, గరిటెలు, గొళ్ళెం అన్నీ ఒక పక్కకు సర్దింది. మధ్యలో అట్టముక్క నిలబెట్టింది. ఆ పక్కంతా నీదేనమ్మా, గుడ్డలు పెట్టుకో అని చెప్పి, తాళంచెవి అనుపమ చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళు సామాను కాపాడింది నేను. ఒక్కరంటే ఒక్కరు నాకు తాళంచెవి ఇచ్చి పోలేదు. అబద్ధమెందుకు, నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. ఆ వెంటనే కడుపు నిండినట్టయింది.

సాయంత్రం దేవకమ్మను బస్సెక్కించడానికి వెళ్ళాను. కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన కూర్చున్న ఆవిడ మీది ఏ ఊరని అడిగింది. దేవకమ్మ చెప్పిన జవాబు కింద నిలబడ్డ నాకు వినపడింది.

"సీతారామపురం. ఇల్లు మాత్రం ఈడే, ఆత్మకూరులో ఉండాది."

ఇంకొకప్పుడైతే, నా మెట్ల కింద సగం పెట్టె నీకు ఇల్లటే అని అక్కడే దులిపేసేదాన్ని. బస్సు కదిలేదాకా నిలబడి చెయ్యి ఊపాను.