పటంలో పసుపు రంగు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందుల మధ్య ఇరుక్కున్న ఒక బడిలో అరుణాదేవి సోషల్ టీచరు. ఏడో తరగతికి ప్రపంచ చరిత్ర చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. పోయిన వానాకాలం దాకా తల్లి తోడుండేది. తల్లి పోయాక పంజాగుట్టలోని ఆ రెండు గదుల ఇంట్లో ఇంకో గొంతు లేకుండా పోయింది. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినిపించేది.

ఆ చప్పుడు భరించలేకే ఆమె పాత పటాలు చూడడం మొదలుపెట్టింది. ఏవేవో దేశాల లైబ్రరీలు వాటిని ఇంటర్నెట్లో పెట్టాయి. మూడు నాలుగొందల ఏళ్ల కిందటి ఒక పటంలో తమ సొంతూరు బందరు పేరు పెద్ద అక్షరాలతో కనిపించింది. ఓడలొచ్చే రేవు గనుక ఆ కాలంవాళ్లకి బందరంటే అంత గొప్ప. "అమ్మా, ఇటు చూడు" అనబోయి ఆగిపోయింది.

ఆ పటాన్నే ఫ్లెక్సు మీద అచ్చు వేయించి క్లాసుకి తెచ్చింది. బెంచీలు పక్కకి జరిపించి నేల మీద పరిచింది. పిల్లలు బూట్లు విప్పి చుట్టూ చేరారు. ఆఫ్రికా ఒడ్డంతా ఊళ్ల పేర్లు కిక్కిరిసి ఉన్నాయి. మధ్యలో మాత్రం పేర్లు లేవు, ఒక ఏనుగు ఉంది.

"టీచర్, గీడ ఏనుగెందుకు గీసిండు?" అన్నాడు దినేశ్.

"ఓడలవాళ్లు ఒడ్డు వెంబడే తిరిగార్రా. లోపలికి పోలేదు. అక్కడేముందో తెలీక పటం గీసినాయన బొమ్మ వేసేశాడు."

"అంటే, ఎగ్జామ్‌ల ఆన్సర్ రాకుంటే నేను డిజైన్ ఏస్తనే, గట్లనా?"

క్లాసంతా గొల్లుమంది. అరుణాదేవి కూడా నవ్వింది. అప్పుడు వెనక నుంచి దివ్యశ్రీ అనే పిల్ల చెయ్యెత్తింది. ఎప్పుడో గాని నోరు విప్పని పిల్ల.

"టీచర్, గా లోపల మనుషులు ఉన్నరు గదా. వాళ్ల ఊరు యాడుందో వాళ్లకు తెలుసు గదా. వాళ్లను అడగలేదా?"

అరుణాదేవి ఆ ఏనుగు వైపు చూసింది.

"అడగలేదమ్మా" అంది. "మంచి మాట అడిగావు."

ఆ సాయంత్రం ఆ ప్రశ్న ఎవరికైనా చెప్పాలని మనసు పీకింది. ఫోన్లో పేర్లు పైకీ కిందికీ జరిపింది. బెంగళూరులో ఉన్న పిన్ని కూతురికి చేస్తే, "అక్కా, కాల్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా" అంది. మళ్లీ చేయలేదు.

తర్వాతి వారం ఇంకో పటం తెచ్చింది. వందేళ్ల కిందటిది. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉన్నవన్నీ గులాబి రంగు. బర్మా కూడా ఇండియాలో కలిసే ఉంది. మన దేశం నడుమ మాత్రం ఒక పెద్ద ముక్క పసుపు రంగు. "ఇప్పుడు మనం కూర్చున్న చోటు ఏ రంగులో ఉందో చెప్పండి" అంటే పిల్లలు వెతికి వెతికి "పసుపు!" అని అరిచారు. అది నిజాం రాజ్యమనీ, రాజ్యాలు మారితే పటాలు ఎలా మారతాయో అదీ చెప్పింది. ఆ సంబరంలో ఫోటో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టింది.

తెల్లారేసరికి గ్రూపులో దివ్యశ్రీ తండ్రి రాజనర్సయ్య మెసేజ్ ఉంది. 'మా బిడ్డ హైదరాబాద్ ఇండియాల లేదంటుంది. గిదేం సదువు? తప్పు మ్యాప్ పెట్టి పిల్లల్ని ఖరాబ్ చేస్తున్నరు.' దాని కింద వరసగా మిగతా తల్లిదండ్రుల బొటనవేలి గుర్తులు.

ప్రిన్సిపాల్ హనుమత్‌ప్రసాద్ పిలిపించాడు.

"అరుణగారూ, ఏంటండీ ఇది? దేశపటం అంటే ఆషామాషీ వ్యవహారమా?"

"అది తప్పు పటం కాదండీ, పాత పటం."

"మీకు తెలుసు, నాకు తెలుసు. ఫోన్లో చూసేవాళ్లకి తెలుస్తుందా? తీసేయండి. పుస్తకంలో ఉన్న బొమ్మ చాలు."

స్టాఫ్ రూములో అందరూ టిఫిన్ డబ్బాల్లోకి చూస్తూ తిన్నారు. లెక్కల టీచరు మంజూష ఒక్కతే, "ఎందుకు మేడం మీకీ రిస్కు?" అని, జవాబు కోసం ఆగకుండా చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది. అరుణాదేవి అన్నం సగంలో మూత పెట్టేసింది.

శనివారం పేరెంట్స్ మీటింగు. రాజనర్సయ్య ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసుకి డ్రైవరు. కూతురితో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"టీచరమ్మా, మీ మీద నాకు పగ లేదు. గని నా బిడ్డ పరీక్షల గట్లనే రాస్తే మార్కులేస్తరా?"

"ఏ కాలం పటమో చెప్పి రాస్తే వేస్తారు. అప్పుడు అలా ఉండేది, ఇప్పుడిలా ఉంది అని రాయడమే చరిత్ర. మీదే ఊరండీ?"

"మాదా? గుండ్లవాగుపల్లె." అతను కూతురి వైపు చూశాడు. "ఇప్పుడు లేదు. ప్రాజెక్టు కింద మునిగింది. ఫోన్ల కొడితే నీళ్లే సూపెడ్తది."

అరుణాదేవి లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తాలూకా పేరు అడిగి, నిజాం కాలపు సర్వే పటాల్లో అది ఉన్నదాన్ని తెరిచింది. వాగు గీత కనపడగానే అతను ముందుకు వంగాడు.

"గీ వాగు మాదే! జర కిందికి పోనీయండి. గీడ గుట్ట ఉండాలె... ఆ, గదే గుట్ట."

గుట్ట పక్కనే వంకర ఇంగ్లీషులో ఊరి పేరుంది. అతను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"దివ్యా, గిటు రా. గిదే మన ఊరు. మీ తాత పుట్టింది గీడనే. గీ వాగుల్నే నేను ఈత నేర్సిన. మా నాయిన ఊరి పేరు తల్సుకుంటనే పాణమిడిసిండు, బిడ్డా."

దివ్యశ్రీ తెర మీద వేలు పెట్టి, "మనిల్లు ఏ దిక్కుండె?" అంది. తండ్రీ కూతుళ్లు తలలు ఆనించి వెతుకుతూ ఉండిపోయారు. అరుణాదేవి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, వాళ్లనే చూస్తూ కూర్చుంది. ఆ ఇద్దరి మధ్యకి వెళ్లడానికి తనకి చోటు లేదు.

ఆ ముక్కని అచ్చు తీయించి ఇచ్చింది. అతను దాన్ని మడత పడకుండా చొక్కా మీద రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు. రాత్రికి గ్రూపులో 'తప్పు నాది, అది పాత మ్యాపు, టీచరమ్మ మంచిగ చెప్తున్నరు' అని పెట్టాడు. దానికి ఎవరూ ఏ బొటనవేలూ పెట్టలేదు. సోమవారం ప్రిన్సిపాల్, "సరే కానివ్వండి. పైన 'పాత పటం' అని ఎర్రగా, పెద్దగా రాయండి. ఫోటోలు మాత్రం వద్దు" అన్నాడు.

ఆమె దివ్యశ్రీ ప్రశ్న పట్టుకుని, యూరప్‌వాళ్లు కాక మిగతావాళ్లు లోకాన్ని ఎలా గీశారో వెతికి, ఈసారి అరబ్బుల పటం తెచ్చింది. అందులో దక్షిణం పైన ఉంటుంది. పిల్లలు మెడలు తిప్పారు, ఒకడు తలకిందులుగా నిలబడబోయి పడ్డాడు. "గిది ఉల్టా ఉంది టీచర్" అని కొందరు, "వాళ్లకు మనదే ఉల్టా" అని దివ్యశ్రీ. వాదన ఎటూ తేలకముందే బెల్లు కొట్టారు. బ్యాగులు భుజాన వేసుకుని ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వ్యాన్ల దగ్గరికి పరుగెత్తారు. దివ్యశ్రీ కూడా వాళ్లతో వాదిస్తూనే వెళ్లిపోయింది.

గది ఖాళీ అయింది. కింద వ్యాన్ల హారన్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. అరుణాదేవి మోకాళ్ల మీద కూర్చుని ఫ్లెక్సు చుట్టడం మొదలుపెట్టింది. అవతలి కొస పట్టుకునేవాళ్లు లేక అది వంకరగా చుట్టుకుంది. విప్పి, ఆ కొస మీద బెంచీ కాలు పెట్టి, మళ్లీ మొదటినుంచి చుట్టింది.