కుడిచేతి చిటికెన వేలు

పొద్దుటి షిఫ్టు మొదలై గంటైనా కాలేదు, ధనంజయ అప్పుడే అల్యూమినియం అచ్చు మరలు విప్పుతున్నాడు. రెండు పలకలూ విడదీసి, లోపలున్న రబ్బరు వేలిని పురిటిబిడ్డను ఎత్తినట్టు పైకి తీశాడు. మునికుమార్ కుడిచేతికి తొడగాల్సిన చిటికెన వేలది.

మునికుమార్ అదే ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. మొన్న చలికాలం ఊర్లో చెరకు గానుగలో పడి అతని వేలు పోయింది. నాలుగేళ్ల కూతురు లోహిత ఎప్పుడూ ఆ వేలు పట్టుకునే నడిచేది. ఇప్పుడు ఆ మొండి కనిపిస్తే చాలు, తల్లి చాటుకు పోతోంది. కాంట్రాక్టు అయిపోయింది, సాయంత్రం పెళ్లాంబిడ్డతో చిత్తూరు పక్కనున్న సొంతూరికి వెళ్లిపోతున్నాడు. పోయేలోగా వేలు వస్తుందని తండ్రి బిడ్డకు మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టాల్సింది ధనంజయ.

ధనంజయ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏముంది! శ్రీ సిటీలోని ఈ ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి వచ్చిననాటి నుంచీ కంప్యూటరు ముందు కూర్చుని బకెట్లకూ సీసా మూతలకూ అచ్చులు గీయడమే. అందుకే ఈ వేలంటే అంత మురిపెం. మునికుమార్ ఎడమ చిటికెన వేలిని స్కాన్ చేసి, గోరూ మడతలూ ఒక్కటీ వదలకుండా తెరమీద దిద్దాడు. మేనేజరును బతిమాలి అచ్చు కోయించుకున్నాడు.

టిఫిన్ వేళ మునికుమార్ వచ్చి తొడుక్కున్నాడు. రంగు సరిపోయింది, గోరూ సరిపోయింది. వేలు మాత్రం పక్కవేలి వైపు వంగకుండా బయటికి తిరిగి నిలబడింది.

ధనంజయ మునికుమార్ రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూశాడు. స్కాన్ చేసిన ఎడమ వేలిని అద్దంలో బొమ్మలా కుడి వేలుగా తిప్పడం మరిచిపోయాడు! కంప్యూటర్లో ఒక్క నొక్కు పని. బకెట్టుకు కుడేమిటి, ఎడమేమిటి? ఇన్నాళ్లూ గుండ్రటివే గీసిన మనిషికి ఆ ఊసే తట్టలేదు.

"ఎడమది ఎడమగానే పోసేసినా గదప్పా! నాల్రోజులు ఆగు. ఇంకోటి చేసి మీ ఊరికి నేనే తెచ్చిస్తా."

మునికుమార్ వేలు తీసి బల్లమీద పెట్టాడు.

"వద్దులేన్నా. నీ తప్పేముండాది! ఏలొస్తాదని ఆ బిడ్డకు ఇంకోసారి మాటియ్యలేను."

సాయంత్రం వాళ్లు బయలుదేరే వేళకు ధనంజయ ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లాడు. ఆటోలో సామాను ఎక్కిస్తున్నారు.

"నాయనా, ఏలొచ్చిందా?" తల్లి వెనకనుంచి అడిగింది లోహిత.

మునికుమార్ కుడిచేయి జేబులో పెట్టుకుని ఎడమచేయి చాచాడు. పాప రాలేదు. తల్లి కొంగు పట్టుకునే ఆటో ఎక్కింది.

ధనంజయకు ఏడుపొచ్చింది. మొహం తుడుచుకుని లోపలికి వచ్చాడు. తెరమీద కొత్త బకెట్ బొమ్మ తిరుగుతోంది. దాని ముందు, బల్లమీద, ఎవరైనా వచ్చి పట్టుకుంటారన్నట్టు కొంచెం వంగి పడి ఉంది ఆ చిటికెన వేలు.