అక్కను పైకెక్కించిన నల్లదుంగ

నల్లచేవ ఉండే ఎంపింగో కర్ర గురించి ఇంకెవరైనా చెబితే సగం నమ్మండి. నేను చెబితే మాత్రం మొత్తం నమ్మాలి. మా తాత ఒకసారి రువుమా నదిలో ఎంపింగో దుంగ జారవిడిస్తే అది రాయిలా బుడుంగున మునిగింది. అడుగునున్న మొసలి ఏ గేదో పడిందనుకుని కసుక్కున కొరికింది. పళ్లన్నీ రాలిపోయాయి. ఆ తర్వాత చచ్చేదాకా ఆ మొసలి రేవులో ఆడవాళ్ల దగ్గర జావ అడుక్కుని తాగింది. మా తాత అబద్ధం ఆడే మనిషి కాదు. మా ఇంట్లో ఆ అలవాటు నాతోనే మొదలైంది.

నేను చెక్కుడు పనివాణ్ణి. మా మకొండే జాతివాళ్లు చెక్కే వాటిల్లో కుటుంబస్తంభం ఒకటి. ఒకే దుంగలో మనుషుల మీద మనుషులు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఎక్కి ఉంటారు. ఇంటికి పెద్దవాళ్లు అడుగున కూర్చుని మిగతా అందరినీ మోస్తారు. అది పద్ధతి. ఆ పద్ధతిని మా అక్క నంకోలా ఒక పొద్దున్నే వచ్చి ఎడంకాలితో తన్నేసింది.

"ఒరే లిదుంబా, మీ బావ దాచిపెట్టి పోయిన దుంగలు మూడున్నాయి. ఒకటి తీసుకుని మన ఇంటివాళ్లందరినీ చెక్కు. నేను మాత్రం పైనుండాలి."

"పెద్దదానివి, అడుగున కదే అక్కా ఉండాల్సింది."

"అమ్మ పోయాక నిన్ను వీపున కట్టుకుని ఆ నది దాటిందెవరు? నేను. నీ తర్వాత నా పిల్లల్నీ, వాళ్ల పిల్లల్నీ మోసిందీ నేనే. ఇక బొమ్మలో కూడా మోయాలా? ఒక్కసారి మీరు నన్ను మోయండిరా. నన్ను కింద పెట్టావో, ఆ బొమ్మని నా గడప తొక్కనివ్వను."

ఆమె వీపు మీద నేను చేసిన ఘనకార్యాలు గుర్తొచ్చి దుంగలు చూడ్డానికి లేచాను.

దుంగలు చూరు కింద ఉన్నాయి. కొసలు పగలకుండా బావ మైనం పూసి పెట్టాడు. సుత్తితో తట్టి చెవి ఆనించాను. మొదటిది బీటలు పడిన కుండలా పలికింది. రెండోదాని నడుమ చేయి పట్టేంత తొర్ర. మూడోది చర్చిగంటలా ఖంగుమంది. కాస్త వంకర. మా ఇంట్లో తిన్నగా ఉన్నవాడెవడు గనక? అదే భుజానికెత్తుకున్నాను.

బాడిస వేస్తుంటే నిప్పురవ్వలు లేచాయి. వాటితోనే చుట్ట ముట్టించుకునేవాణ్ణి. గంటకోసారి ఉలి సానబెట్టుకోవాల్సి వచ్చేది. తెల్లటి పైచెక్క ఊడుతున్నకొద్దీ లోపల నల్లచేవ నిగనిగలాడుతూ బయటపడింది. కోడళ్లు, మనవలు, పొట్టపగిలేలా నవ్వే మా మేనకోడలు అగ్నేసి, అందరూ ఒక్కొక్కరే బయటికొచ్చారు. పై కొసకు వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది.

అక్కడ చేవ సన్నబడిపోయింది. అక్క తల రావాల్సిన చోటికి తెల్లచెక్క గిన్నెలా దిగబడి ఉంది. మా పనిలో తెలుపుని కర్రగానే లెక్కేయరు, అది పొయ్యిలోకే. దానికి బూట్లపాలిష్ పూసి నలుపని అమ్మే దొంగలూ ఉన్నారు, వాళ్లతో మేం కలిసి తినం. తెలుపంతా తీసేస్తే మిగిలేది నిమ్మకాయంత నలుపు. అందులో మా అక్క ముక్కు కూడా పట్టదు. తలకిందులు చేద్దామా అంటే సన్నకొస మీద స్తంభం నిలబడదు.

అక్క కొడుకు ఒకడున్నాడు, పేరు బెనేదిక్తో. వాడొచ్చి చూశాడు. "మావయ్యా, అమ్మని కిందే పెట్టేయ్. చెబితే వింటుంది."

"అయితే నువ్వే చెప్పు."

"నాకు జీడితోటలో పనుంది."

"పోనీ, అడుగున నువ్వు కూర్చుంటావా? ఆ చోటూ ఖాళీగానే ఉంది."

"నాకు నడుంనొప్పి మావయ్యా."

"చెక్కబొమ్మకి నడుంనొప్పేమిట్రా?"

"మొహం నాదే కదా. నలిగిపోతున్నట్టు చెక్కుతావు. మా ఆవిడ చూసి జన్మంతా నవ్వుతుంది."

వాడు జారుకున్నాక చేపలబుట్ట కట్టిన సైకిలు మీద చివాయా వచ్చాడు. వాడు యావో జాతివాడు. యావోలకీ మా మకొండేలకీ తాతల నాటి నుంచీ వేళాకోళపు చుట్టరికం. పెళ్లిలోనైనా చావులోనైనా వాళ్లు మమ్మల్ని ఎంత మాటైనా అనొచ్చు, మేం వాళ్లనీ అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడే తప్పుచేసినట్టు.

"ఏరా ముసలి మకొండే, బొమ్మ పాడుచేసి ఏడుస్తున్నావా?"

"పోరా, నీ చేపలకంటే నువ్వే ఎక్కువ కంపు కొడుతున్నావు."

వాడు దుంగ చుట్టూ తిరిగి పై కొసను వేలితో పొడిచాడు. "ఇదొక్కటే బాగుంది. అచ్చం మీ అక్క నెరిసిన తల. దేవుడు చెక్కింది కాబట్టి బాగుంది. నువ్వు ముట్టుకోకు, చెడగొడతావు."

తిట్టడానికి తెరిచిన నోటితోనే ఆ తెలుపుని మళ్లీ చూశాను. తెలుపు తీసేయాలని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న బుర్ర కదా, ఉంచితే ఏమవుతుందో దానికెప్పుడూ తట్టలేదు. ఉన్న నలుపులో మొహం చిన్నగా, పక్కకి వాల్చి, ఆ తెలుపంతా జుట్టుకే వదిలేస్తే సరిపోతుంది. సాయం చేశాడని వాడికి తెలిస్తే ఇక ఊళ్లో బతకనివ్వడు. అందుకని బూతులు తిడుతూనే చేపలు కొని పంపించేశాను. అడుగున ఎవర్ని కూర్చోబెట్టాలో కూడా అప్పుడే తేలిపోయింది.

బొమ్మ పూర్తయిన రోజు అక్క వాకిట్లో ఇంటివాళ్లంతా చేరారు. చివాయా కూడా సైకిలు దిగి నిలబడ్డాడు. అక్క సూటిగా పై కొస చూసింది.

"తెలుపు తీయలేదేం?"

"అది నీ జుట్టే అక్కా."

"తెలుపుని పురుగు తింటుందని నాకు తెలీదనుకున్నావా?"

"తింటే బట్టతల వస్తుంది. అప్పటికి నీకు మాత్రం ఎంత మిగులుతుంది?"

బెనేదిక్తో మెల్లగా గుమ్మంవైపు జరిగాడు. అక్క తన తల తడుముకుంది. బొమ్మ తల తడిమింది. మళ్లీ తన తల తడుముకుంది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక స్తంభాన్నే పట్టుకుంది.

"పైనే పెట్టావురా" అంది కళ్లు తుడుచుకుంటూ. "మరి ఇంతమందిని మోస్తున్న ఈ చప్పిడిముక్కువాడెవడు? మన వాళ్లలా లేడే."

ఆ ముక్కువాడి పక్కనే ఒక చేపలబుట్ట కూడా చెక్కాను. అందరూ చివాయా వైపు తిరిగారు. వాడు వంగి తన మొహం తాను చూసుకున్నాడు. దవడలు బిగిశాయి. కోపం తెచ్చుకుంటే వాడు ఓడినట్టే. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ క్షణం నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

వాడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. "మకొండేల ఇల్లు నిలబడేది యావోవాడి భుజాల మీదని ఇన్నాళ్లకి ఒప్పుకున్నారు. సంతోషం. బొమ్మ మొత్తంలో అందగాణ్ణి కూడా నేనే." అంటూ చాప లాక్కుని మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. "మోసేవాడికి ముందు వడ్డించాలి. ఇవాళే కాదు, రోజూ."

అక్క లోపలికెళ్లి ఉడుకుడుకు మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద, చేపలపులుసు తెచ్చి, నాకంటే ముందు వాడి ముందు పెట్టింది.

"కడుపునిండా తిను నాయనా" అంది. "నువ్వు చిక్కిపోతే పైనుంచి పడేది నేనే."