కర్పూరం ఆరేదాకా

పొద్దున్నే లేచి దేవకి చేసే మొదటి పని వాకిట్లో అటూ ఇటూ నడవడం. ఆమె చెప్పుల్లేని కాలు పడిన చోట గడ్డి ఉండదు. పచ్చగా ఉన్నది కూడా ఆమె పాదం ఎత్తేలోగా ఎండి, పొడిపొడై, గాలికి లేచిపోతుంది. ఆ తర్వాత ఏడాది పాటు అక్కడ గరికపోచ తలెత్తదు. మేలపట్టెడలో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. కొందరు తోడు వేస్తే పెరుగు గడ్డగా తోడుకుంటుంది, కొందరు వేసిన ముగ్గు చక్కగా కుదురుతుంది, దేవకి నడిస్తే గడ్డి పోతుంది, అంతే. కళ్లం చేసుకోవాలన్నా, పెళ్లి పందిరికి చోటు బాగుచేయాలన్నా "దేవకక్కా, ఒకసారి ఇట్ట నడిచిపో" అని పిలుస్తారు. ఆమె కొంగు నడుముకు దోపుకొని, ఊరికి ఉపకారం చేస్తున్నానని తెలిసిన మనిషి నడక నడిచి వస్తుంది.

పుట్టింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. పొదటూరుపేటలో వాళ్లది మగ్గాల వీధి, ఇంటా బయటా సిమెంటు నేల. అక్కడ చావడానికి గడ్డెక్కడిది? తెలిసింది పెళ్లయి మేలపట్టెడకు వచ్చిన ఏడు, నాట్ల రోజున. సురేష్ వాళ్లింట్లో మొదటి నారుకట్ట కోడలే మడిలో దిగి ఈశాన్య మూల నాటాలి. చెప్పులతో మడిలో దిగడం ఆ వంశంలో లేదు. కొత్త కోడలు చెప్పులు విప్పి, నారుకట్ట అందుకోవడానికి నారుమడిలో ఒక్క అడుగు వేసింది. ఆ అడుగు మేర నారు మాడిపోయింది. అత్త పచ్చయమ్మ ఆమె చేయి పట్టుకొని గట్టు మీదికి లాగింది.

"నువ్వు గట్టు మీదే ఉండు మే," అంది, కోపంగా కాదు, పొయ్యి దగ్గరికి పోయిన పిల్లని లాగినట్టు.

ఆ ఏడు మొదలు, మొదటి కట్ట పక్కింటి శశికళ నాటుతోంది. పచ్చయమ్మ కోడల్ని ఒక్క మాటా అనలేదు. కాకపోతే ఏటా నాట్ల రోజు ఆమెకు అన్నం సయించదు. దేవకికి ఊళ్లో ఎంత పేరున్నా, ఆ ఒక్క రోజు మాత్రం గట్టు మీద నిలబడి పరాయి మనిషి తన పని చేస్తుంటే చూడాలి. అది ఆమెకు గుచ్చుకుంటుంది. ఎవరికీ చెప్పదు.

సురేష్ గుమ్మిడిపూండిలో కంపెనీ పనికి పోయి వారానికొకసారి వస్తాడు. ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్లే. ఇద్దరికీ బాగానే పడుతుంది, కూర దగ్గర తప్ప.

కాలు మడికి పనికి రాకపోయినా అడవికి వచ్చింది. ఊరి వెనక కొండంతా రిజర్వు ఫారెస్టు. ఎండలు ముదిరితే బోదగడ్డి నిలువునా ఎండి, చిన్న నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. మంటలు దాటకుండా, ఎండలు ముదరక ముందే మాసి నెలలో వాచర్లు కొండ మీద బారుగా గడ్డి చెక్కి బాట తీస్తారు. దాన్ని ఫైర్‌లైన్ అంటారు. కొత్తగా వచ్చిన రేంజర్ కలైవాణి, దేవకి సంగతి విని జీపు ఆమె వాకిట్లో ఆపింది.

"అక్కా, మా కొండ మీద నడుస్తారా?"

"నడిస్తే?"

"జీతం ఇస్తాను. బూట్లు కూడా ఇస్తాను. వేసుకోవద్దు."

అట్లా దేవకి ఫైర్ వాచర్ అయింది. డిపార్ట్‌మెంటు బూట్లు అటక మీదికి పోయాయి. మునుపు మనుషులంతా కలిసి నెల పొడుగునా చెక్కిన బాట ఇప్పుడు దేవకి నడిచిన బాట. పాత వాచర్ ఆరుముగం పని తగ్గిందని సంతోషించి, ఆమె వెనకాల రాళ్లు ఏరుకుంటూ వచ్చేవాడు.

కొండ మీద చూపుగుండు అని పెద్ద బండ ఉంది. మేలపట్టెడ నుంచి తిరుత్తణికి నడిచిపోయే వాళ్లకు స్వామి కొండ మొదట కనిపించేది అక్కడే. కనిపించగానే కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించడం తాతల నాటి మాట. వెలిగించిన కర్పూరాన్ని ఊదకూడదు, తొక్కకూడదు. తనంతట తాను ఆరాలి. అన్నేళ్లుగా ఏమీ కాలేదంటే అది స్వామి ఓర్పు. కలైవాణికి అంత ఓర్పు లేదు. ఎండాకాలం అడవిదారి మూసేసి, మొదట్లోనే అరవంలో బోర్డు పెట్టించింది.

స్వామికి పెద్ద పండగ, పంగుని ఉత్తరం నాడు పచ్చయమ్మ ఆ బోర్డు చదివింది. ఆమెకు అరవం చదవడం బాగానే వచ్చు. దేవుడి దారికి బోర్డేమిటని దాటిపోయింది. నెత్తిన మొక్కు పాల బిందె, పాలకుడం, ఒంటి మీద పసుపు చీర, వెంట శశికళా ఇంకొందరు ఆడవాళ్లూ. ఏం మొక్కో ఎవరికీ చెప్పలేదు. బస్సు దారిన పోతున్నామని కోడలికి అబద్ధం చెప్పి బయల్దేరింది.

కాసేపటికి కొండ కింద వాచర్ల షెడ్డులో దేవకి ఫోను మోగింది. అటువైపు శశికళ ఏడుస్తోంది.

"అక్కా, మేము ముందర వచ్చేసినాము. పెద్దమ్మ పిడికెడు కర్పూరం పెట్టి, ఆరేదాకా ఉంటానని గుండు కాడే నిలబడిపొయ్యింది. వెనక్కి చూస్తే పొగ. పిలిస్తే పలకలేదక్కా!"

దేవకి తలెత్తి చూసింది. చూపుగుండు కింద తెల్లగా లేచిన పొగ అప్పుడే నల్లబడుతోంది. ఆ గుండుకు వెనక లోయ. పక్కలా ముందరా ఎండిన బోద. ముసలామెకు దిగే దారి నిప్పు వైపే ఉంది. 

వాకీటాకీలో కలైవాణి గొంతు: "నేను తిరుత్తణి దాటలేదు. టీం వచ్చేదాకా ఆగండి అక్కా. ఒంటరిగా ఎక్కొద్దు."

"మా అత్త పైన ఉంది మేడం," అని దేవకి సెట్టు ఆరుముగం చేతిలో పెట్టింది.

"ఎదురు పోవద్దు," అన్నాడు ఆరుముగం, అప్పుడే పచ్చికొమ్మ నరుకుతూ. "నిప్పు ఎగువకే పరిగెత్తతాది. పక్కనించి ఎక్కు. నీ బాట మీద రవ్వ పడకుండా నేను కొడతా వస్తాను. పో!"

ఆమె మంటకు పక్కగా ఎక్కింది. ముందర గుండె ఎత్తు గడ్డి, ఆమె అడుగు వేయగానే నలిగి దుమ్మయి దారి ఇచ్చింది. కుడిపక్క మంట చిటపటలాడుతూ తనతో సమంగా ఎక్కుతోంది. ఏటా తీరిగ్గా నడిచే కొండే. ఈ రోజు అది పొట్టిదైతే బాగుండునని ఆమెకు మొదటిసారి అనిపించింది. కానీ దారి తెలుసు, కాలి మీద నమ్మకం ఉంది. గుండు కాడికి మంట కన్నా ముందే చేరింది.

పచ్చయమ్మ బండకు ఆనుకొని దగ్గుతోంది. పాలకుడం మాత్రం నెత్తి మీదనే ఉంది.

"యాడికొచ్చినావు మే? పో కిందికి!"

"నోరు మూసుకొని ఆడనే నిలబడు అత్తా," అంది దేవకి. పెళ్లయినప్పటి నుంచి అత్తను ఆ మాట అనడం అదే మొదలు.

గుండు చుట్టూ, లోయ అంచు నుంచి లోయ అంచు దాకా నడిచింది. బాట అడుగు వెడల్పే వచ్చింది. మంట ఒక్క అంగలో దాటేస్తుంది. తిరిగి దాని పక్కనే నడిచింది, మళ్లీ దాని పక్కన. చివరి వరసకు రవ్వలు రాలిపడి నేల పెనంలా కాలుతోంది. పరిగెత్తితే అడుగుకీ అడుగుకీ మధ్య గడ్డి మిగిలిపోతుంది. మడమకు వేలు ఆనిస్తూ నడవాలి. అరికాళ్లు కాలుతున్నాయని తెలిసీ, పెళ్లి పందిరికి నడిచినట్టే నిదానంగా నడిచింది.

మంట వచ్చింది. గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మని ఎవరూ అనక నిలబడిపోయిన చుట్టంలా బాట అంచున ఆగింది. కాసేపు అరిచింది, రవ్వలు విసిరింది. దేవకి అత్తను కిందికి వంచి, తన కొంగు తడిపి ఇద్దరి ముఖాలకూ కప్పుదామని చూసింది. నీళ్ల సీసా ఎక్కేటప్పుడే ఎక్కడో పడిపోయింది.

"ఆ పాలు ఇట్ట పొయ్యి."

"స్వామి పాలు మే!"

"స్వామి ఏమీ అనుకోడు, పొయ్యి!"

పచ్చయమ్మ సగం పోసింది. సగం దాచుకుంది. తడికొంగు కింద ఇద్దరూ తలలు ఆనించుకొని కూర్చున్నారు.

"అంత కర్పూరం ఎందుకు పెట్టినావత్తా?"

"మొక్కు పెద్దది."

"ఏం మొక్కు?"

ముసలామె పాలకుడం ఒళ్లోకి లాక్కుంది. "నా కోడలు నా మడిలో కాలు పెట్టాల స్వామీ, అది చూసి పోతాను అని మొక్కుకొన్నా."

దేవకికి ఏడుపు ముంచుకొచ్చింది. తన కాలు మామూలు కాలు కావాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు. అత్త కోరుకుందని తెలిస్తే కోపం రావాలి. కానీ ఇన్నేళ్లూ ఆ గట్టు మీద తానొక్కతే నిలబడలేదని అప్పుడే తెలిసింది.

చుట్టూ తినడానికి ఏమీ దొరకక మంట చచ్చింది. ఆరుముగం నల్లని ముఖంతో బాట వెంట పైకి వచ్చాడు. వెనకనే కలైవాణీ, టీమూ వచ్చారు. దేవకి అరికాళ్లు చూసి కలైవాణి పెదవి కొరుక్కుంది. తర్వాత రేంజర్ ముఖం పెట్టుకుంది.

"అడవిలో నిప్పు పెట్టింది ఎవరు?"

"నేనే తల్లీ. రాసుకో," అంది పచ్చయమ్మ. "దేవుడికి పెట్టినానని కూడా రాసుకో."

కలైవాణి రెండూ రాసుకుంది. కేసు కేసే, జరిమానా జరిమానాయే. పచ్చయమ్మ గొణగకుండా సంతకం పెట్టింది. ఆనక అసలు సందేహం అడిగింది. "మిగిలిన పాలు స్వామికి పోస్తే నా మొక్కు తీరతాది. తీరితే దీని కాలు మామూలైపోతాది. అప్పుడు నీ కొండ గతేంది? పొయ్యమంటావా, వద్దంటావా?"

రేంజర్ రాసే పుస్తకం మూసింది. జవాబు దేవకి చెప్పింది. "మొక్కు మొక్కే. పొయ్యి అత్తా. ఏదైతే అది అయితాది." ఆ సాయంత్రం, కోడల్ని ఆస్పత్రిలో చేర్చి, పచ్చయమ్మ తిరుత్తణి కొండెక్కి పాలు పోసి వచ్చింది.

ఆ తర్వాత దేవకి కాళ్లకు కట్లు, కట్ల మీద చెప్పులు. ఆడి నెల దాకా, అంటే నాట్లు పడేదాకా, నేలకు పాదం ఆనించొద్దన్నాడు డాక్టరు. వాకిట్లో గడ్డి చీలమండ దాకా పెరిగింది. ఏం మిగిలిందో, ఏం పోయిందో ఎవరికీ తెలియదు. కలైవాణి ఎప్పుడొచ్చినా "అక్కా, కాళ్లెలా ఉన్నాయి?" అని అడిగి, ఆ పై ప్రశ్న మింగేసేది.

నాట్ల రోజు వచ్చింది. శశికళ అలవాటుగా చీర ఎగదోపుకుంది.

"నువ్వు ఉండు పాపా," అంది పచ్చయమ్మ. కోడలి వైపు తిరిగింది. "దిగు మే."

గట్టు మీద సురేష్, ఆరుముగం, జీపు దిగి వచ్చిన కలైవాణి, అందరూ ఊపిరి బిగబట్టారు. మడి బతికితే కొండకు దిక్కు లేదు. మాడితే మొక్కు దండగ. దేవకి చెప్పులు విప్పి, ఈశాన్య మూల రెండు పాదాలూ పెట్టి, వంగి కట్ట నాటింది.

నాటింది నాటినట్టే వాడి, నల్లబడి, పొడై పోయింది. ఆమె పాదాల కింద నీళ్లు పక్కకు తప్పుకున్నాయి. బురద బిగిసి, రెండు పాదాల ఆకారంలో పొడినేల తేలింది. కలైవాణి గట్టిగా ఊపిరి వదిలి, ఊరుకోలేక నవ్వేసింది. దేవకి తల దించుకుంది.

"ఎందుకు మే అట్ట నిలబడినావు? పక్కకు జరుగు," అంది పచ్చయమ్మ. చీర తడుస్తున్నా మడిలో దిగి, ఆ పొడి పాదాల మధ్యలో కర్పూరం పెట్టి వెలిగించింది. చుట్టూ నీళ్లు, కింద ఏమీ అంటుకోని నేల. ఎవరూ ఊదనక్కర లేదు, ఎవరూ కాపలా ఉండనక్కర లేదు. కర్పూరం తీరిగ్గా వెలిగి, తనంతట తానే ఆరింది.

"కాలు పెట్టాల అన్నాను, పెట్టింది. చాలు స్వామీ," అని చెంపలేసుకుంది పచ్చయమ్మ. రెండో కట్ట శశికళ చేతికిచ్చి, కోడలికేసి చూసింది. "ఈ జాగా ఏడాదే కదా ఉండేది?"

"ఏడాదే అత్తా."

"అయితే వచ్చే ఏడు మళ్లీ దిగాల."

ఆ రోజు పచ్చయమ్మ రెండుసార్లు అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.