నీళ్ళూ కరెంటూ ఒకే పెట్టెలో

నేను ఒక కూలర్‌ని. గడ్డి తడికలతో గదిని చల్లబరిచే కూలర్ని కాదు. కంప్యూటర్ పెట్టెలో దాని మెదడు మీద కూర్చుని, నీటి పైపులతో వేడిని లాగి ఫ్యాన్లకు అప్పగించడం నా పని. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి ఒంగోలులో ఒక దుకాణపు అరలో పడ్డాను. యాకోబు నన్ను అక్కడే చూశాడు. చూడటం కాదు, దొంగను సోదా చేసినట్టు తిప్పి తిప్పి పరీక్షించాడు.

యాకోబు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. సొంతంగా బిగించుకున్న కంప్యూటర్ ఎండలకు కాగి, పని మధ్యలో ఆగిపోతోంది. ఇంకొక్క వీడియో ఆలస్యమైతే పని వేరేవాళ్ళకిస్తానని స్టూడియో యజమాని తేల్చి చెప్పాడు.

నేనున్న దుకాణంలో పనిచేసే దానియేలు యాకోబు భార్య కరుణకు తమ్ముడు. "మొదటిసారి గదా బావా, పైపులు కోసి నీళ్ళు పోసుకునే రకం మనకొద్దు. ఇదైతే సీలు చేసే వచ్చిద్ది. నీ పెట్టెలో సరిపోతే చాలు," అన్నాడు.

"నీళ్ళూ కరెంటూ ఒకే పెట్టెలోనా? కారితే?"

"కారదు బావా. నేనొచ్చి బిగిస్తాలే."

"నువ్వేం రాబాక. నేనే బిగించుకుంటా."

బామ్మర్ది వస్తే మంచి భాగమేదో విప్పుకుని పాతది పెట్టిపోతాడని అతని భయం. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపుకీ, టీవీ రిమోటుకీ, కుర్చీలకీ కొన్ననాటి కవర్లు అలాగే ఉన్నాయి. నా రాగి పలక మీదా ఒక పల్చటి కవరుంది. అది ఉంటే వేడి నాకందదు. బిగించేముందు తీసేయమని దాని మీదే రాసి ఉంది. యాకోబు చదివి నవ్వాడు. "తీస్తే వాపసు తీసుకోరు. అందుకే తీయమన్నారు. నాకు తెలవదా వీళ్ళ తెలివి!" అని వేడిని నాకందించే పేస్టును కవరు మీదే పూసి నన్ను బిగించేశాడు.

నేనేం చేసేది? వీడియో సగంలో కంప్యూటర్ ఆరిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఆరింది. నీళ్ళు కారాయేమోనని టార్చి వేసి వెతికాడు. చుక్క కూడా లేదు. దాంతో అనుమానమంతా బామ్మర్ది మీదికి తిరిగింది. కరుణ వింటుండగానే ఫోన్ చేసి, "ఎవురో తిరిగిచ్చిన సరుకు నాకు అంటగట్టావు గదరా! సొంత అక్క కాపురమని కూడా చూళ్ళేదే," అన్నాడు. నాకే సిగ్గేసింది.

దానియేలు వెంటనే వచ్చాడు. నన్ను విప్పి, కవరు ఒలిచి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పేస్టు పూసి బిగించాడు. అప్పుడు గానీ వేడి నా ఒంట్లోకి రాలేదు.

"అన్నం తినిపోరా," అంది కరుణ.

"వద్దక్కా. ఏం పట్టుకుపోయానోనని బావ మళ్ళీ వెతుక్కోవాలి," అని వెళ్ళిపోయాడు.

వీడియో అనుకున్న వేళకు అందింది. యాకోబు పని నిలబడింది. కానీ ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అక్క ఇంట్లోనే తినే దానియేలు ఆ ఆదివారం రాలేదు. కరుణ వండింది గానీ వడ్డించలేదు.

"నువ్వు పోయి వాణ్ణి తీసుకొస్తేనే ఈ ఇంట్లో కంచం పెట్టేది," అంది.

యాకోబు వచ్చి నా ముందు కూర్చున్నాడు. "వాడు రానంటే?" అన్నాడు. అతని గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి. కంప్యూటర్ ఆపేసి, చొక్కా వేసుకుని బయల్దేరాడు.