దాటిపోయిన పళ్లెం

శనివారం సాయంత్రం పిండి పిసకడం ఆమె వంతు. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె పంచుకునే ఆరాధన, జరుగుతుంది. ఆ బల్ల మీదికి రొట్టె ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. అందుకే సంఘంలో అందరూ ఆమెను రొట్టెమ్మ అంటారు. పెళ్లయిన కొత్తలో అత్తగారు అప్పగించిన పని అది. "సంఘపెద్ద పెళ్లానివి, ఆ మాత్రం సేవ చెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారే" అన్నారు. వారమంతా ఫ్యాక్టరీలో షర్టులకు కాలర్లు కుట్టి, శనివారం చర్చి ఊడ్చి, బల్లలు తుడిచి, ఇంటికొచ్చి పిండి పిసికితే దాని పేరు సేవ. మర్నాడు ఆమె మొగుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అదే రొట్టెను పళ్లెంలో పెట్టుకుని వరసల మధ్య తిరిగితే దాని పేరు పరిచర్య. ఒకసారి ఒళ్లు మండి, పిండి ముద్దను అతని మెడ అనుకుని పిసికింది. ఆ నెల రొట్టె ఎంత మెత్తగా కుదిరిందంటే పాస్టరుగారు పనిగట్టుకుని వచ్చి మెచ్చుకున్నారు.

ఈ శనివారం ఆమె పిండి తడిపి మూత పెట్టేసరికి పక్కగదిలోంచి మొగుడి పిలుపు వచ్చింది. రేపటి ప్రసంగం అతనిదే. ముందుగా ఎవరో ఒకరు వినాలి, వినడానికి ఇంట్లో ఆమె ఉంది.

"మన సంఘాన్ని మనం ఎందుకు ఆదుకోవాలి?" అతను అద్దంలో చూసుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "ఎందుకంటే సంఘమంటే ఒకటే ఒళ్లు. చిటికెన వేలు నలిగినా ఒళ్లంతా విలవిల్లాడాలి. విలవిల్లాడకపోతే అది ఒళ్లు కాదు, పీనుగ!"

బాగా చెప్పాడు. నిజంగానే బాగా చెప్పాడు. ఆ బాగుండడమే ఆమె కొంప ముంచింది. మొన్న ఇదే మనిషి ఆమె గొంతు మీద మోకాలు పెట్టాడు. కళ్ల ముందు చీకటి కమ్మి, ఇక అయిపోయిందనుకున్నాక లేచాడు. ఇంకోసారంటూ వస్తే తను లేవదని ఆమెకు తెలుసు. మెడ మీద మచ్చలు కాలరు కింద దాచుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్తే ఆయన తల దించుకుని, "అమ్మా, చర్చి పైకప్పు వేయించింది ఆయనే. ఆయన పరువు పోతే సంఘం పరువు పోయినట్టే. నువ్వు ఆయన్ని నిలబెడితే సంఘాన్ని నిలబెట్టినట్టే. ప్రార్థన చెయ్యి" అన్నారు. అంటే ఇన్నాళ్లూ ఆ కప్పును తన మెడ మీద మోస్తోందన్నమాట. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఆపుకుందామనుకునే లోపే నవ్వు బయటపడింది.

"ఎందుకు నవ్వావు?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే పళ్లు ఎందుకు కనిపించాయే?"

మొదటి దెబ్బ చెంప మీద, రెండోది చెవి మీద పడింది. చెవిలో ఈల మోగింది. జుట్టు చుట్టిపట్టి ఆమె తలను బీరువాకేసి కొట్టాడు. కింద పడిపోకుండా ఆమె తలుపు అంచు పట్టుకుంది. అతను ఆ చేతిని చూశాడు. కోపంలో చేస్తాడంటారు కదా అందరూ, ఆ క్షణంలో అతని ముఖంలో కోపం లేదు. తీరిగ్గా చూసి, తలుపును బలంకొద్దీ మూశాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. తలుపు తెరిచి, మళ్లీ మూశాడు.

"రొట్టె మాత్రం ఆగకూడదు" అని, చెదిరిన క్రాఫు దువ్వుకున్నాడు.

హాల్లో ఉన్న అత్తగారు అప్పటికే కిటికీలు మూసేశారు. కాసేపటికి తడిగుడ్డ తెచ్చి కోడలి చేతికి చుడుతూ, "మగాడు మాట్లాడుతుంటే నవ్వుతారటే? ఎవరైనా అడిగితే తలుపులో పడి నలిగిందని చెప్పు. అబద్ధం కూడా కాదు" అన్నారు.

ఎడమచేత్తో పిండి ముద్దలు చేసింది. కుడిచేతి చిటికెన వేలు గుడ్డలోంచి పక్కకి తిరిగి ఉంది. దాని వంక చూడకుండా పని కానిచ్చింది. హాల్లో అతను కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. మెడ మీద నరం కొట్టుకోవడం వంటగదిలోంచే కనిపిస్తోంది. కూరలు తరిగే కత్తి ఆమె చేతికి ఎప్పుడొచ్చిందో, గుమ్మం దాకా ఎలా వెళ్లిందో ఆమెకే తెలీదు. ఎక్కడ పొడవాలో కూడా చూసుకుంది. కానీ తను జైలుకు పోతే రేపు సంఘమంతా ఇతని కోసం ఏడుస్తుంది. ఆ ఏడుపు కూడా ఇతనికే దక్కడం ఆమెకు నచ్చలేదు. వెనక్కి వచ్చి కత్తి కడిగి పెట్టింది.

సంఘాన్ని వదిలేసి పొమ్మని ఫ్యాక్టరీలో తోటివాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. ఎందుకు వదలాలి? అమ్మ పోయినప్పుడు శవానికి స్నానం చేయించింది ఆ సంఘపు ఆడవాళ్లే. చర్చి గంట కొట్టే ముసలావిడ, గంటమ్మ, తనను ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లార్లూ కూర్చుంది. పుట్టింటివాళ్లు మిగలని ఆమెకు పుట్టిల్లంటూ ఉంటే అదే. వదిలిపోవాల్సింది తనెందుకు?

రొట్టె పొంగుతుండగా ఆమెకు పాత కట్టుబాటు ఒకటి గుర్తొచ్చింది. ఆ చర్చి కట్టినవాళ్లు మిల్లు కూలీలు, మాటకు ముందు చెయ్యి లేచేవాళ్లు. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. సంఘంలో ఎవరివల్లనైనా దెబ్బతిన్నవాళ్లు రొట్టె తీసుకోకుండా పళ్లెం దాటించాలి. దాటిస్తే ఇక వడ్డన ఆగిపోవాలి. సంగతి తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఎప్పుడో ఒక రంపం నాదంటే నాదని ఇద్దరు వడ్రంగులు పళ్లెం దాటిస్తే, సంఘమంతా మధ్యాహ్నం దాకా ఆకలితో కూర్చుందట. ఇప్పుడది పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుకునే కథ. నియమాన్ని మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

ఆదివారం రొట్టెల బుట్టతోపాటు బట్టల సంచీ కూడా తెచ్చి తను కూర్చునే బల్ల కింద పెట్టుకుంది. ప్రసంగం అద్భుతంగా సాగింది. చిటికెన వేలి మాట దగ్గర కొందరు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరుగారు గట్టిగా ఆమేన్ అన్నారు. తర్వాత అతను పళ్లెం పట్టుకుని, ఆదివారం నవ్వు ఒకటి ముఖానికి తగిలించుకుని వరసల మధ్యకు వచ్చాడు. పళ్లెం ఆమె ముందు ఆగింది. ఆమె చెయ్యి ఎత్తలేదు.

"తీసుకో" అన్నాడు.

"దాటించండి."

అతను వంగి, నవ్వు చెరగకుండా, "ఇంటికి రా, నీ సంగతి చెప్తా" అని గొణిగాడు.

ఆమె లేచి నిలబడింది. "ఇంటికి వస్తే నా సంగతి చెప్తారట" అంది అందరికీ వినబడేలా. "ఆ ఇంటికి నేనింక రాను. ఇక్కడే చెప్పండి, అందరూ వింటారు."

పాస్టరుగారు కంగారుగా ముందుకొచ్చి, "అమ్మా, ఇది సంఘం పరువు. తర్వాత మాట్లాడుకుందాం, కూర్చో" అన్నారు. అతను పళ్లెం పక్కకు జరిపి, ఆమె పక్కనే కూర్చున్న గంటమ్మ ముందు పెట్టాడు. గంటమ్మ దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తల పైకెత్తింది.

"పళ్లెం బల్ల మీద పెట్టు నాయనా. రంపం కోసం ఆపినవాళ్లం, మనిషి కోసం ఆపలేమా?"

రొట్టెమ్మ పళ్లతో ముడి లాగి చేతి గుడ్డ విప్పింది. నల్లగా కమిలి, పక్కకి తిరిగిపోయిన చిటికెన వేలు ముందువరస నుంచి చివరివరస దాకా కనబడేలా చెయ్యెత్తి పట్టుకుంది.

"సంఘాన్ని ఆదుకోవాలని ఇప్పుడే చెప్పారు కదా, ఆదుకుందామనే వచ్చాను" అంది. "ఇది ఒళ్లో పీనుగో మీరే చెప్పండి."