తీజు రోజు గుక్కెడు నీళ్ళు

ఆ ఆస్పత్రిలో నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకదానికి నేను జవాబు చెప్పలేకపోయాను. అత్యవసర విభాగం గుమ్మం దగ్గర చీటీ రాసే నర్సు, వచ్చీరాని హిందీలో నా పేరు అడిగితే మనసరా ఖడ్కా అన్నాను. ఊరు అడిగితే ప్యూఠాన్, నేపాల్ అన్నాను. ఇక్కడ ఎక్కడ ఉంటున్నావంటే మా తోట మేస్త్రీ పేరు చెప్పాను. తర్వాత భర్త పేరు అడిగింది. నేను తల వంచుకుని కొంగు వేలికి చుట్టుకున్నాను. మా వైపు ఆడది మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. అందులోనూ ఆ రోజు తీజు, మొగుడి ఆయుష్షు కోసం మా ఆడవాళ్ళు ఉపవాసం ఉండే పండగ. నర్సు విసుక్కుని ఆ గడి ఖాళీగా వదిలేసింది.

నా గాయం చాలా చిన్నది. బొటనవేలి పక్కన రెండు పంటి గాట్లు, అంతే. ముందు రోజు సాయంత్రం కాంఛా ముక్కులో జలగ దూరింది. కేరళలో మేముండే కొండల మీది ఏలకుల తోటల్లో వానలు మొదలైతే ఆకు ఆకుకీ ఒక జలగ ఉంటుంది. ఉప్పు అద్ది లాగుతుంటే నొప్పికి ఓర్చుకోలేక కరిచాడు. కరిచి, తనే బెదిరిపోయి మంచం కింద దూరాడు. కాసేపటికి వచ్చి నా పాదాలు నాకాడు. నేను గాయానికి పసుపూ బూడిదా కలిపి మెత్తి, మర్నాటి ఉపవాసానికి ముందు తినాలని వండుకున్న పాయసం గిన్నె వాడి ముందుకి తోశాను.

కాంఛా అంటే మా భాషలో ఇంట్లో ఆఖరి పిల్లవాడు. మనవడు తులారామ్ మురిక్కాలవలో దొరికిన కుక్కపిల్లని చొక్కాలో దాచి తెచ్చి, "బజ్యై, ఇదిగో నీకు ఇంకో మనవడు" అన్నాడు. అప్పటి నుంచీ అదే పేరు.

ఆ వారం కింది బజారులో ఒక టైలరు కుక్క కాటుతో చచ్చిపోకపోతే నేను ఆస్పత్రి మెట్లు ఎక్కేదాన్నే కాదు. పోయే ముందు నీళ్ళు చూసి కేకలు పెట్టాడట. అప్పటి నుంచీ ఊళ్ళో కుక్క కనిపిస్తే కర్ర ఎత్తడమే. మా కూలీల లైను గదుల మేస్త్రీ కరియాచ్చన్ తలుపు దగ్గర నిలబడి మరీ చెప్పాడు: "ముసలమ్మా, నీ కుక్క ఎవరికైనా పన్ను తగిలించిందని విన్నానంటే మళ్ళీ నీతో మాట్లాడను. దానితోనే మాట్లాడతాను." వాడి చేతిలో గునపం ఉంది.

సూది వేయించుకోవాలి, కాంఛా సంగతి బయటపడకూడదు. నేను ఆలోచించుకున్నది ఇంతే. పిల్లి కరిచినా ఇదే సూది వేస్తారని తులారామ్ ఒకసారి అన్నాడు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా ఊళ్ళో పిల్లల పుస్తకాలు చూసి నా అక్షరాలు నేనే నేర్చుకున్నాను. కేరళ వచ్చాక, మేస్త్రీ కూతురు పారేసిన బొమ్మల పుస్తకం తెచ్చుకుని ఆ గుండ్రటి అక్షరాలు కూడా ఒక్కొక్కటే పోల్చుకుంటున్నాను. దాని ముందు సగం చిరిగిపోయింది. మిగిలిన సగంలో మొదటి బొమ్మ పిల్లి. పక్కన 'పూచ్చ' అని ఉంటుంది. తోటకి వెళ్ళే పిల్లలని అడిగి ఆ మాట పలకడం నేర్చుకున్నాను.

పొద్దున్న తులారామ్ పనికి వెళ్ళాక ఎర్ర చీర కట్టుకున్నాను, పచ్చ పూసల దండ వేసుకున్నాను. కాంఛాని లోపల పెట్టి బయట గడియ పెట్టాను. ఆ చప్పుడు వినగానే వాడు తలుపు గీరడం మొదలుపెట్టాడు. బస్సు రోడ్డు దాకా ఆ గీరుడు నా చెవిలోనే ఉంది. బయట గడియ పడితే నాకు ఎవరో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది. నా వాళ్ళంతా వస్తామనే వెళ్ళారు. ఇప్పుడు నేనూ అలాగే చెప్పి వెళుతున్నానని కాంఛా అనుకుని ఉంటాడు.

పసుపూ బూడిదా పెచ్చుకట్టి కొత్తో పాతో తెలియని గాయం చూసి నర్సు కనుబొమలు ముడిచింది.

"పూచ్చ," అన్నాను ధైర్యంగా.

"పూచ్చయా?" ఆమె పంటి గాట్లని ఇంకోసారి చూసింది. "నాయయా?"

నాకు 'నయా' అని వినబడింది. మా భాషలోనూ హిందీలోనూ అంటే కొత్త. గాయం కొత్తదా అని అడుగుతోందనుకున్నాను. కొత్తదంటే కరిచిన జంతువు ఎక్కడుందని వెతుకుతారు. పాతదంటే ఎవరు వెతుకుతారు? "పురానా," అంటూ చెయ్యి వెనక్కి ఊపాను. "చాలా పురానా. నేపాల్."

మలయాళంలో నాయ అంటే కుక్క. అది చిరిగిపోయిన సగంలో ఉండి ఉంటుంది. ఆమె, కుక్క కరిచిందా అని అడిగింది. అవును, ఎప్పుడో పాత కాటు, నేపాల్లో అని నేను చెప్పాను.

నర్సు లేచి వెళ్ళి డాక్టరుని పిలుచుకొచ్చింది. బక్కగా ఉన్నాడు, కళ్ళ కింద నిద్రలేని నలుపు. బడిలో చదివిన హిందీ మాట్లాడాడు.

"దాదీ, కరిచి ఎన్నాళ్ళయింది?"

"చాలా నెలలు బాబూ."

"అప్పుడు సూదులు వేయించుకున్నావా?"

"లేదు."

"ఆ కుక్క ఏమైంది?"

కుక్క అని వీళ్ళకెలా తెలిసింది? ఆలోచించడానికి వ్యవధి లేదు. చచ్చిపోయిన కుక్కని ఎవరూ చంపలేరు కదా అనిపించింది. "చచ్చిపోయింది," అన్నాను. ఆ మాట అన్నందుకు వెంటనే నాలుక కరుచుకున్నాను.

డాక్టరు తనే వెళ్ళి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చాడు. "కాస్త తాగు దాదీ."

నేను మొహం తిప్పుకున్నాను. తీజు నాడు నీళ్ళే కాదు, మా అమ్మ నేర్పిన పద్ధతిలో నోటిలో ఊరిన ఉమ్మి కూడా మింగను. పొద్దుటి నుంచీ ఊరుతూనే ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఉమ్మి వచ్చాను. వానలో తడిసిన చీర మీద పంకా గాలి కొడుతుంటే ఒళ్ళంతా వణికింది. "గాలి వద్దు, గాలి వద్దు," అంటూ కొంగుతో మొహం కప్పుకున్నాను.

కొంగు తీసేసరికి నా చుట్టూ ఎవరూ లేరు. నర్సు బల్లకి అవతల ఉంది. వరుసలో కూర్చున్న ఒక తల్లి పిల్లని చంకనేసుకుని బయటికి పరుగెత్తింది. డాక్టరు చేతులకి తొడుగులు వేసుకుంటున్నాడు. చాలా మెత్తగా, చంటిపిల్లతో మాట్లాడినట్టు, "దాదీ, ఆ గదిలో కూర్చుందాం, రా" అన్నాడు.

ఆ చివర గదిలో మంచం తప్ప ఏమీ లేదు. నేను లోపలికి అడుగుపెట్టగానే వెనక గడియ పడింది, బయట వైపు.

తలుపు బాదాను. మా భాషలో అరిచాను. ఎంత అరిస్తే అంత దూరం జరుగుతున్నారు. అరిచి అరిచి గొంతు ఎండి, కాంఛా లాగే నేనూ తలుపు గీరుతూ నేల మీద కూర్చుండిపోయాను.

కొంతసేపటికి కిటికీ ఊచల అవతల ఒక మొహం కనిపించింది. ముక్కుకీ నోటికీ గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు. ఆస్పత్రి ఆయా. పేరు లిసియమ్మ. ఢిల్లీలో చాలాకాలం ఇళ్ళల్లో పని చేసిందట, హిందీ గలగలా వస్తుంది.

"ఏమ్మా ఎర్రచీరా, కరుస్తావా?"

"నేనెందుకు కరుస్తాను? నాకున్నవే నాలుగు పళ్ళు."

"ఆ నాలుగూ చాలు. అక్కడే కూర్చో, దగ్గరికి రాకు." గ్లాసు ఊచల మధ్య పెట్టింది. "పాపం, మాట మాత్రం తెలివిగానే ఉంది. ఇంకా తలకెక్కలేదు కాబోలు."

"ఏం ఎక్కలేదు? నాకేమైంది?"

లిసియమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకు కుక్క పిచ్చి పట్టిందంటున్నారు. టైలరుకి పట్టినట్టే. కాటు పాతది, కుక్క చచ్చింది, నీళ్ళు తాగవు, గాలి సహించవు, చొంగ కారుస్తున్నావు. ఇంకేం కావాలి? డాక్టరు మీ మేస్త్రీకి ఫోన్ చేశాడు. మీ మనవడు మాట్లాడాడు. నేపాల్లో మా బజ్యైని ఏ కుక్కా కరవలేదు, మాకున్నది ఒక్కటే కుక్క, అది గదిలోనే ఉందన్నాడట."

"ఉందన్నాడా?"

"అన్నాడు మరి! పక్కనే మేస్త్రీ విన్నాడు. ఆ కుక్కే ముసలిదాన్ని కరిచింది, ముసలిది వెర్రెత్తిపోయిందని లైనంతా అరుస్తున్నారట. కర్రలు పట్టుకుని బయల్దేరారు."

నేను ఊచలు పట్టుకున్నాను. ఆమె ఎగిరి వెనక్కి దూకింది.

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, తలుపు తీయి. వాడు గదిలో ఉన్నాడు. నేనే గడియ పెట్టాను. ఎవరు తలుపు తీసినా నేనే వచ్చాననుకుని తోక ఊపుకుంటూ ఎదురు వస్తాడు. వాడికి ఏ రోగమూ లేదు. జలగ తీస్తుంటే నొప్పికి కరిచాడు, నిన్ననే, ఇదిగో ఈ గాయం నిన్నటిదే. పాతదని అబద్ధం చెప్పాను. చచ్చిపోయిందనీ అబద్ధమే చెప్పాను. వెళ్ళి డాక్టరుతో చెప్పు."

"పిచ్చి పట్టినవాళ్ళు ఎన్నయినా చెబుతారు. ఇప్పుడు ఏ మాట నమ్మమంటావు?" ఆమె గ్లాసు వైపు గడ్డం చూపించింది. "తాగి చూపించు. ఆ రోగం ఉన్నవాళ్ళు గుక్క మింగలేరు. నువ్వు మింగావంటే ఆ డాక్టరే పరుగెత్తి ఫోన్ చేస్తాడు."

"ఇవాళ తాగకూడదు. తీజు. ఉపవాసం."

"మేమూ ఉపవాసాలు ఉంటాం. మాంసం మానేస్తాం, చేప మానేస్తాం. నీళ్ళు ఎవరు మానేస్తారు? మనల్ని ఉప్పుచేపల్లా ఎండబెట్టి దేవుడు ఏం చేసుకుంటాడు?"

"దేవుడి కోసం కాదు. మా ఆయన కోసం."

"ఆయన ఎక్కడున్నాడు?"

"వస్తాడు."

"ఎక్కడికి వెళ్ళాడని అడుగుతున్నాను."

"పనికి. మీ దేశానికే."

"ఎప్పుడు?"

"తులారామ్ వాళ్ళ నాన్న అప్పుడు పాకుతున్నాడు," అన్నాను.

లిసియమ్మ ముక్కు మీది గుడ్డ కిందికి లాగి నన్ను చూసింది. "తాగమ్మా," అంది చివరికి, అంతే.

గ్లాసులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఆయన వెళ్ళిన పొద్దున్న మా అత్తగారు నుదుటికి పెరుగు బొట్టు పెట్టింది. దశమికి వస్తానన్నాడు. ఏ దశమికో చెప్పలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. పోయాడన్న కబురు కూడా లేదు. ఊళ్ళో అందరూ నన్ను తెల్ల చీర కట్టమన్నారు. నేను కట్టలేదు. ప్రతి తీజుకీ ఎర్ర చీర కట్టుకుని, గొంతు ఎండబెట్టుకుని కూర్చున్నాను. ఆయనకీ నాకూ మధ్య మిగిలింది ఆ ఎండిన గొంతు ఒక్కటే. కొడుకుని దహనం చేసిన ఏడు కూడా నేను తీజు తప్పలేదు. జ్వరంలో తప్పలేదు. ఇప్పుడు ఒక గుక్క మింగితే, ఎక్కడో ఉన్నాడో లేడో తెలియని ఆ మనిషిని నా చేతులతో నేనే వదిలేసినట్టు.

మింగకపోతే కాంఛా. వాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలుసు. ఏ తలుపు వెనకాల ఉన్నాడో తెలుసు.

గ్లాసు అందుకున్నాను. అంచు పెదవికి తగలగానే సగం నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి. మిగిలినవి నోట్లో పోసుకుని మింగాను. పొద్దుటి నుంచీ ఎండిన గొంతు బిగుసుకుపోయి ఒక్కసారిగా పొలమారింది. కళ్ళు తేలేసి, ఊపిరాడక నేల మీద పడి దగ్గాను.

"అయ్యో డాక్టర్! వచ్చింది, వచ్చింది!" లిసియమ్మ అరుస్తూ పరుగెత్తింది.

డాక్టరు కిటికీ దగ్గరికి వచ్చాడు. అతని వెనక నర్సు, ఆ వెనక ఇంకెవరో. అందరి కళ్ళూ నా మీదే. నేను లేవలేక మోకాళ్ళ మీద ఊచల దాకా పాకి ఖాళీ గ్లాసు బయటికి చాచాను.

"ఇంకో గ్లాసు," అన్నాను. "ఇంకో గ్లాసు పొయ్యండి."

ఎవరూ కదల్లేదు. లిసియమ్మే కూజా తెచ్చి దూరం నుంచి చెయ్యి చాచి పోసింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. డాక్టరు మొహం చూస్తూ మెల్లగా, ఒక్కొక్క గుక్కే, గొంతు కదలడం వాళ్ళకి కనబడేలా తల పైకెత్తి తాగాను. గ్లాసు బోర్లించి చూపించాను. మళ్ళీ పొయ్యమన్నాను. అదీ తాగాను. చల్లగా ఉన్నాయి. బాగున్నాయి. అవి బాగుండడమే నాకు అన్నింటికంటే భయం వేసింది.

డాక్టరు తల పట్టుకుని నవ్వాడో ఏడ్చాడో, తనే గడియ తీశాడు. నేను చెయ్యి చాచి, "ఫోన్, బాబూ, ఫోన్," అన్నాను. కరియాచ్చన్‌కి చేశాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు. అంతసేపూ నేను అతని చొక్కా పట్టుకునే ఉన్నాను.

ఎత్తారు. వాన చప్పుడు, కేకలు. డాక్టరు మలయాళంలో గట్టిగా అరిచాడు. లిసియమ్మ నా చెవిలో చెప్పుకుపోయింది: "ముసలావిడకి ఏమీ లేదంటున్నాడు. కుక్కని ముట్టుకోవద్దంటున్నాడు. దాన్ని కట్టేసి తిండి పెట్టండి, చంపితే దానికి రోగం ఉందో లేదో నాకెవడు చెబుతాడు, మీ నాన్న చెబుతాడా, అంటున్నాడు."

"తలుపు తీశారా? తలుపు తీశారేమో అడుగు."

అవతల నుంచి మేస్త్రీ గొంతు విసుగ్గా వచ్చింది. లిసియమ్మ విని నా భుజం మీద చరిచింది. "తియ్యలేదట. మీ మనవడు తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడట. తన్నినా లేవడం లేదట, మొండివెధవ."

ఆ మాట పూర్తికాక ముందే ఫోన్‌లో, వాన వెనకాల, సన్నగా ఒక మొరుగు వినిపించింది. తలుపు గీరుతూ, ఆగి, మళ్ళీ.

తర్వాత సూదులు వేశారు. పసుపూ బూడిదా కడిగేస్తూ నర్సు, ఇంకోసారి ఇలాంటివి మెత్తితే నిన్నే కడిగేస్తానంది. మళ్ళీ ఎప్పుడెప్పుడు రావాలో చెప్పింది. చీటీ ముందు పెట్టుకుని, ఖాళీగా ఉన్న గడి మీద కలంతో కొట్టి చూపించింది. ఈసారి అడిగేటప్పుడు విసుగు లేదు. "ఇది రాయాలి అమ్మచ్చీ. భర్త పేరు?"

నా నోరు ఇంకా తడిగానే ఉంది.

"పూర్ణే," అన్నాను. నా గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

నర్సుకి సరిగ్గా వినబడలేదు. "ఏంటీ? మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆమె ఆ గుండ్రటి అక్షరాల్లో రాసుకుంది. చీటీ నా చేతికి వచ్చాక వేలు పెట్టి వెతికాను. తక్కినవేవీ చదవలేకపోయాను. మొదటి అక్షరం ఒక్కటే పోల్చుకున్నాను. బొమ్మల పుస్తకంలో పిల్లి పక్కన ఉండేది అదే.